హాట్ టబ్ పంపు గుర్‌మంటోంది, తిరగట్లేదు. కొత్తది కొనాల్సిందేనా?

చల్లారిన_తొట్టి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా ఇంట్లో నలుగురు పట్టే హాట్ టబ్ ఉంది. కొని ఆరేళ్లు దాటింది. పంపు ఒకటే, రెండు స్పీడులది. లో స్పీడులో నీళ్లు ఫిల్టర్, హీటర్ గుండా తిరుగుతుంటాయి. హై స్పీడు నొక్కితే జెట్లు వస్తాయి. నిన్న సాయంత్రం నొక్కితే జెట్లు రాలేదు. పక్క తలుపు ఊడదీసి చెవి పెడితే మోటారు లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు గుర్ర్ర్ మంటోంది. నాలుగైదు సెకన్లకి టక్‌మని ఆగిపోతోంది. పది నిమిషాలాగి మళ్లీ వేస్తే మళ్లీ అదే. లో స్పీడులోనూ ఇంతే. మూడోసారి నొక్కేసరికి బోర్డులో బ్రేకర్ పడిపోయింది. డిస్‌ప్లే మీద ఫ్లో లేదన్న కోడ్ వస్తోంది.

ఒక సంగతి. రెండు నెలలుగా అక్కడి నుంచి సన్నటి కూత వినిపించేది. దూరంగా ఎవరో కత్తికి సాన పడుతున్నట్టు. పాతబడితే అంతేలే అని వదిలేశాను.

ఇద్దరు మెకానిక్‌లకి ఫోన్ చేశాను. ఇద్దరూ చూడకుండానే పంపు మొత్తం మార్చేయమన్నారు. అంత ఖర్చు పెట్టే ముందు ఏమైనా చూసుకోవచ్చా?

సగం_తెలిసినోడు · సోమవారం, రాత్రి 9:58

కండెన్సర్ పోయింది బ్రో. గుర్‌మంటే కండెన్సరే, రెండో మాట లేదు. మా ఇంట్లో కూలర్‌కి ఇలాగే అయితే ఐదు నిమిషాల్లో మార్చేశా. డౌట్ ఉంటే కరెంటు ఇచ్చి, వెనక ఫ్యాన్‌ని ఒక పుల్లతో గట్టిగా తిప్పు. అందుకుంటే కండెన్సరే.

ఫ్యూజ్_పోయింది · సోమవారం, రాత్రి 10:21

పైన చెప్పిన పుల్ల పని దయచేసి చెయ్యకండి. కూలర్ వేరు, ఇది వేరు. పక్కనే వెయ్యి లీటర్లకు పైగా నీళ్లు, కాళ్ల కింద తడి నేల, ఆ పైన ఇప్పటికే ఒకసారి బ్రేకర్ పడింది. అలాంటి మోటారు దగ్గర కరెంటు ఉండగా చెయ్యి పెట్టడం పిచ్చితనం.

ముందు మెయిన్ బ్రేకర్ దించండి. దాని మీద ప్లాస్టర్ అంటించి "ముట్టుకోవద్దు" అని రాయండి. ఇంట్లో ఇంకెవరో వచ్చి, అరె ఇది పడిపోయిందే అని ఎత్తేస్తారు. ఇది నవ్వులాటకి చెప్పట్లేదు. తర్వాత పంపు వైర్ల దగ్గర మీటర్ పెట్టి వోల్టేజీ లేదని ఖాయం చేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఇంకో ప్రశ్న. పడిపోయింది మామూలు బ్రేకరా, టెస్ట్ బటన్ ఉన్నదా? మామూలుది పడితే ఎక్కువ కరెంటు లాగిందని. టెస్ట్ బటన్ ఉన్నది పడితే కరెంటు ఎర్త్‌కి కారుతోందని. రెండూ వేరు జబ్బులు.

చల్లారిన_తొట్టి · సోమవారం, రాత్రి 10:34

టెస్ట్ బటన్ ఉన్నదే అండీ. దించేసి ప్లాస్టర్ అంటించాను. మా అబ్బాయి దాని కింద పుర్రె బొమ్మ కూడా గీశాడు.

వైండింగ్_షెడ్ · మంగళవారం, ఉదయం 6:15

ఇరవై ఏళ్లకు పైగా మోటార్లు చుడుతున్నాను. మీరు చెప్పినదాంట్లో అందరూ గుర్‌ని పట్టుకున్నారు. నాకు మాత్రం ఆ రెండు నెలల కూత ముఖ్యం.

సింగిల్ ఫేజ్ మోటారులో మెయిన్ వైండింగ్, అంటే రాగి తీగ చుట్ట, ఒక్కటే అయస్కాంతాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతుందే కానీ తిప్పలేదు. కండెన్సర్ గుండా వెళ్లే రెండో వైండింగ్ కాస్త ముందు వెనకగా కలిస్తేనే తిరుగుడు పుడుతుంది. కాబట్టి కండెన్సర్ పోతే గుర్‌మంటుంది, నిజమే. కానీ షాఫ్టు, అంటే మోటారు మధ్యలో తిరిగే కడ్డీ, బిగుసుకుపోయినా అచ్చం అదే గుర్. మోటారుకి ఆ రెండిటికీ తేడా తెలియదు. ఆగిపోయిన మోటారు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మీకు నాలుగైదు సెకన్లకి టక్‌మన్నది లోపలి ఓవర్‌లోడ్ స్విచ్. అది పని చేస్తోంది కాబట్టే వైండింగ్ ఇంకా బతికి ఉండొచ్చు. ఇక స్విచ్ వెయ్యకండి.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కరెంటు లేకుండా, మోటారు వెనక టోపీ తీయండి. షాఫ్టు చివర స్క్రూడ్రైవర్ పట్టే గాడి గానీ, స్పానర్ పట్టే పలకలు గానీ ఉంటాయి. దాన్ని చేత్తో తిప్పి చూడండి. మంచి పంపు కొద్దిపాటి బిగువుతో నున్నగా తిరుగుతుంది. గరగరమన్నా, అసలు కదలకపోయినా కండెన్సర్‌తో పని లేదు.

అలాగే టార్చి వేసి, నీళ్లుండే ప్లాస్టిక్ డిప్పకీ మోటారుకీ మధ్య సందులో, దాని కింద నేల మీద ఏం కనిపిస్తుందో చెప్పండి. తడి, తెల్లటి పొక్కు, తుప్పు చార, ఏదైనా.

చల్లారిన_తొట్టి · మంగళవారం, రాత్రి 8:50

వైండింగ్_షెడ్ గారూ, తిట్టకండి. మీ పోస్టు చూసేలోపే కండెన్సర్ కొనుక్కొచ్చి వేసేశాను. అదే 30 మైక్రోఫారడ్, అదే వోల్టేజీ. ప్లాస్టర్ తీసి ఒక్కసారి వేసి చూశా. గుర్ర్ర్, టక్. మళ్లీ టెస్ట్ బటన్ బ్రేకర్ పడింది.

అప్పుడు మీ పోస్టు చదివి షాఫ్టు తిప్పాను. కదల్లేదు. పెద్ద స్క్రూడ్రైవర్ వేసి రెండు చేతులతో బలం పెడితే పావు చుట్టు తిరిగి, ఇసుకలో చెప్పు లాగినట్టు కర్ర్ మంది.

సందు కింద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. దాని మధ్యలోంచి గోధుమ రంగు చార నేల దాకా దిగింది. రోజూ చూసే చోటు కాదు కాబట్టి చూడలేదు.

సగం_తెలిసినోడు · మంగళవారం, రాత్రి 9:05

పాత కండెన్సర్‌ని మీటర్‌లో పెట్టి చూశారా? లోపల ఖాళీ అయిపోయుంటుంది.

చల్లారిన_తొట్టి · మంగళవారం, రాత్రి 9:11

29.4 చూపిస్తోంది.

ఫ్యూజ్_పోయింది · మంగళవారం, రాత్రి 9:30

30 అని రాసి ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 28.5 నుంచి 31.5 దాకా మంచిదే లెక్క. నిక్షేపంలా ఉంది. పాపం దాన్ని అనవసరంగా పీకారు.

మళ్లీ మార్చేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. కరెంటు ఆపాక కూడా కండెన్సర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి టప్‌మనిపించడం చాలామందికి సరదా. దానివల్ల కండెన్సర్ పాడవుతుంది, కళ్లలో నిప్పురవ్వ పడుతుంది. 20 కిలో ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌ని ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని ఐదారు సెకన్లు ఆనిస్తే చాలు. మీటర్‌తో చూసుకుని అప్పుడు ముట్టుకోండి. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి. వోల్టేజీ ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు.

ఇక ఆ ఎర్త్ లీకేజీ. హాట్ టబ్‌లో ఇది పడితే నేను మొదట అనుమానించేది హీటర్‌ని. దాని రెండు వైర్లూ టబ్ సర్క్యూట్ బోర్డు నుంచి ఊడదీసి, కొసలు టేపు చుట్టి బ్రేకర్ ఎత్తండి. పడితే హీటర్ కాదు. తర్వాత మళ్లీ దించి, పంపు ప్లగ్ పీకి చూడండి. ఒక్కొక్కటే విడదీస్తూ పోవాలి, అన్నీ ఒకేసారి పీకితే ఎవరు దొంగో తెలియదు. పంపు ప్లగ్ పీకేదాకా బ్రేకర్ ఎత్తినప్పుడల్లా అది గుర్‌మంటుంది, కాబట్టి రెండు సెకన్లకే దించెయ్యండి. బ్రేకర్ పడుతోందని దాన్నే తప్పించి వైరు వేసే మహానుభావులు కొందరుంటారు. అలాంటి సలహా ఎవరైనా ఇస్తే వాళ్ల నంబర్ తీసెయ్యండి.

వైండింగ్_షెడ్ · బుధవారం, ఉదయం 6:02

అనుకున్నదే. కథ ఇలా నడిచింది. నీళ్లు మోటారులోకి రాకుండా ఆపే షాఫ్టు సీలు మొదట పోయింది. చుక్క చుక్కగా నీరు షాఫ్టు వెంట వెనక్కి వచ్చి ముందు బేరింగులోకి దిగింది. గ్రీజు కడుక్కుపోయి గుండ్లు తుప్పు పట్టాయి. అదే మీరు విన్న కూత. ఆఖరికి బిగుసుకుంది. ఆ తడే లోపల వైండింగ్ మీద కూడా పడి ఎర్త్‌కి కారుతోంది.

పంపు మార్చమన్న వాళ్లది పూర్తిగా తప్పని అనను. వాళ్లకి అరపూట పని, గ్యారంటీ ఇవ్వొచ్చు. కానీ మీ దగ్గర ఓపిక ఉంటే ఇది రెండు బేరింగులు, ఒక సీలు, ఒక ఓ-రింగ్ (రబ్బరు రింగు)తో పోయే జబ్బు. వైండింగ్ బాగుందా లేదా అన్న ఒక్కటే మిగిలిన ప్రశ్న. దగ్గర్లో మోటార్ల షాపులో 500 వోల్టుల మెగ్గర్, అంటే కరెంటు బయటికి కారుతోందా అని కొలిచే మీటర్, పెట్టించండి. పంపుని బోర్డు నుంచి పూర్తిగా విడదీశాకే పెట్టాలి, లేకపోతే ఆ 500 వోల్టులకి సర్క్యూట్ బోర్డు చస్తుంది. వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఒక మెగా ఓం కన్నా తక్కువ వస్తే ఆ స్థితిలో నడపకూడదు. తడి వల్లయితే ఆరితే పెరుగుతుంది. కాలిపోయి ఉంటే ఎంత ఆరబెట్టినా లేవదు, పైగా వార్నిష్ మాడిన వాసన విప్పగానే ముక్కుకి తగులుతుంది.

నీలిబుడగ · బుధవారం, మధ్యాహ్నం 1:20

రెండేళ్ల క్రితం సరిగ్గా ఇదే పని నేను మా ఇంట్లో చేసుకున్నాను. మెకానిక్‌ని కాదు, లెక్కలు చెప్పుకునే టీచర్‌ని. భయపడకండి, కానీ తొందర పడకండి.

పంపుకి రెండు వైపులా గేట్ వాల్వ్‌లు ఉన్నాయేమో చూడండి. ఉంటే టబ్ ఖాళీ చెయ్యకుండానే పంపు తీయొచ్చు. లేకపోతే మొత్తం తోడెయ్యాల్సిందే. నా టబ్‌లో ఒక వాల్వ్ సగంలో ఇరుక్కుని ఉందని యూనియన్ (పంపుకీ పైపుకీ మధ్య పెద్ద నట్టు) విప్పాక తెలిసింది. ఆ రోజు నా చెప్పులు తేలుకుంటూ గేటు దాకా వెళ్లాయి.

విప్పే ముందు ప్రతి దశలో ఫొటో తీయండి. వైర్ల రంగులు, పంపు నోరు ఏ వైపు తిరిగి ఉంది, సీలు సగాలు ఏది ఎటు చూస్తోంది, అన్నీ. మన జ్ఞాపకశక్తి మీద మనకి నమ్మకం ఎక్కువ. అది తప్పు.

పీహెచ్_పిచ్చి · బుధవారం, సాయంత్రం 5:45

మధ్యలో దూరుతున్నా. పంపు ఆగి మూడు రోజులైంది కదా, ఆ నీళ్లు ఏం చేస్తున్నారు? ఫిల్టర్ లేదు, తిరుగుడు లేదు, మూత వేసి గోరువెచ్చగా ఉంచారు. లెజియొనెల్లా బ్యాక్టీరియాకి 25 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లంటే పండగ. ఎవరినీ దిగనివ్వకండి. ఎలాగూ పంపు తీస్తున్నారు కాబట్టి తోడి పారబోసెయ్యడమే మంచిది.

ఇంకోటి. ఆరేళ్లకే సీలు ఎందుకు పోయింది? మీరు క్లోరిన్ ఏ రూపంలో వేస్తున్నారు?

చల్లారిన_తొట్టి · బుధవారం, రాత్రి 9:15

హీటర్ విడదీసినా బ్రేకర్ పడింది. పంపు ప్లగ్ పీకితే పడలేదు. కాబట్టి పంపే దొంగ. వాల్వ్‌లు రెండూ ఉన్నాయి, కానీ పీహెచ్_పిచ్చి గారి మాట విని నీళ్లు మొత్తం తోడేశాను.

క్లోరిన్ అంటే, తేలే డబ్బా ఉంటుంది కదండీ, దాంట్లో బిళ్లలు వేసి వదిలేస్తాను. పని తక్కువని.

పీహెచ్_పిచ్చి · బుధవారం, రాత్రి 9:22

దొరికింది.

ఆ బిళ్లలు చాలావరకు ట్రైక్లోర్ అనే రకం క్లోరిన్. ఈత కొలనుల కోసం చేసినవి. నీళ్లలో కరిగితే దాని పీహెచ్ 3 దగ్గర ఉంటుంది, అంటే మంచి ఆమ్లం. వేడి నీళ్లలో త్వరగా కరుగుతుంది. కొద్దిపాటి నీళ్లు, ఆపైన మూత. పీహెచ్ మెల్లగా జారిపోతుంది, క్లోరిన్ ఆవిరి మూత కిందే తిరుగుతుంది. సీలు రబ్బరు, స్ప్రింగు, హీటర్ రాడ్డు, తలగడల తోలు, అన్నిటినీ తింటుంది. హాట్ టబ్‌కి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క, క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల్లో 3 వంతులు), పీహెచ్ 7.0 నుంచి 7.8. నేనైతే 7.2 కిందకి పోనివ్వను. హాట్ టబ్‌కి పొడి రూపంలో దొరికే డైక్లోర్ వాడి, స్ట్రిప్‌తో చూసుకుంటూ వెయ్యండి.

సగం_తెలిసినోడు · బుధవారం, రాత్రి 9:40

నేను అడ్డంగా దొరికిపోయాను కాబట్టి ప్రాయశ్చిత్తంగా ఒక ప్రశ్న. ఆన్‌లైన్‌లో వేరే దేశం నుంచి ఇలాంటి పంపే చవగ్గా కనిపిస్తోంది, ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని ఉంది. మన కరెంటు 50 కదా, పెట్టేయొచ్చా?

వైండింగ్_షెడ్ · గురువారం, ఉదయం 6:10

తిరుగుతుంది, కానీ పెట్టకండి. 60 హెర్ట్జ్ మీద నిమిషానికి 3450 చుట్లు తిరిగేది 50 మీద 2850 దగ్గర ఆగుతుంది. వేగం ఆరో వంతు తగ్గితే ప్రెషర్ దాదాపు మూడో వంతు పోతుంది, ఎందుకంటే ప్రెషర్ వేగం వర్గాన్ని బట్టి నడుస్తుంది. జెట్లు నీరసంగా వస్తాయి. వోల్టేజీ తగ్గించకుండా నడిపితే మోటారు లోపలి ఇనుము అయస్కాంత శక్తితో నిండిపోయి కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది కూడా. పంపు కొనేటప్పుడు గుర్రపు శక్తి ఒక్కటే చూసి మోసపోతారు. వోల్టేజీ, హెర్ట్జ్, ఆంపియర్, ఫ్రేము సైజు, నీళ్లు వచ్చే పోయే నోళ్ల సైజు, దిక్కు ఇవన్నీ కలవాలి.

కొత్తగా_చేరా · గురువారం, ఉదయం 11:30

నమస్తే. నాదీ పంపు సమస్యే, వేరే పోస్టు ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. నిన్న నీళ్లు మార్చి నింపాను. పంపు తిరుగుతోంది, సౌండు తేడాగా గలగలమంటోంది, జెట్లలోంచి ఏమీ రావట్లేదు. కాలిపోయిందా?

నీలిబుడగ · గురువారం, ఉదయం 11:48

కాలిపోలేదు, గాలి పట్టింది. వెంటనే ఆపండి, పొడిగా తిరిగితే సీలు మాడుతుంది. పైన జరిగిన కథంతా మీ ఇంట్లో మొదలవుతుంది.

కరెంటు ఆపి, పంపు పైనోటి దగ్గర ఉన్న పెద్ద యూనియన్ నట్టుని చేత్తో అర చుట్టు వదులు చెయ్యండి. బుస్‌మని గాలి వస్తుంది. గాలి అయిపోయి నీళ్లు కారడం మొదలవగానే బిగించండి. ఒకసారికి రాకపోతే రెండోసారి. ఈసారి నింపేటప్పుడు పైపుని టబ్‌లో పడెయ్యకుండా ఫిల్టర్ గూట్లో పెట్టి నింపితే గాలి చాలావరకు ముందే వెళ్లిపోతుంది.

కొత్తగా_చేరా · గురువారం, మధ్యాహ్నం 12:20

వచ్చేసింది మేడమ్! పెద్ద ఏనుగు తుమ్మినట్టు ఒక్కసారి బుస్‌మంది. థాంక్యూ.

చల్లారిన_తొట్టి · శనివారం, సాయంత్రం 6:30

ఈరోజు విప్పాను. కొంచెం వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

యూనియన్లు రెండూ చేత్తోనే ఊడాయి. పంపు ఎత్తి బయట పాత దుప్పటి మీద పెట్టాను. ప్లాస్టిక్ డిప్ప స్క్రూలు తీస్తే ఇంపెల్లర్, అంటే నీళ్లని తోసే రెక్కల చక్రం, బయటపడింది. దాని రెక్కల మధ్య ఒక హెయిర్‌బ్యాండు, సగం నానిపోయిన ఏదో లేబులు, చుట్టుకున్న వెంట్రుకలు. ఇన్నాళ్లూ జెట్లు ఎందుకు డీలా పడ్డాయో అప్పుడు అర్థమైంది.

వెనక షాఫ్టుని స్పానర్‌తో పట్టి, ఇంపెల్లర్‌ని గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిప్పితే మూడో ప్రయత్నానికి వదిలింది. దాని వెనక సీలు. రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ నీళ్లని ఆపాలి కదా. తెల్లటి సిరామిక్ ముఖం అద్దంలా ఉండాల్సింది, గ్రామఫోన్ రికార్డులా గీతలు పడి ఉంది. నల్లటి కార్బన్ ముఖం అంచు విరిగింది. స్ప్రింగుని వేలితో తాకితే తుప్పు పొడై రాలింది. చుట్టూ ఉండే రబ్బరు గోరు గుచ్చితే మళ్లీ లేవకుండా మైనంలా గుంట పడింది.

మోటారు లోపల ముందు బేరింగు తుప్పు ముద్ద. వెనకది బాగానే ఉంది. వైండింగ్ రాగి రంగులోనే ఉంది, మాడు వాసన లేదు. షాపులో మెగ్గర్ పెడితే 0.6 మెగా ఓం వచ్చింది. ఆయన చూసి "తడి బాబూ, ఆరబెట్టు" అన్నాడు.

ప్రశ్న: బేరింగు మీద అంకెలు సగం చెరిగిపోయాయి. 620 తర్వాత 3 లాగా ఉంది, 4 కూడా కావచ్చు.

వైండింగ్_షెడ్ · శనివారం, రాత్రి 7:05

కొలవండి. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12 అయితే 6203. రంధ్రం 20, బయట 47, మందం 14 అయితే 6204. ఈ నంబర్ల గుట్టు చెప్తాను. 04 నుంచి పైకి ఆఖరి రెండు అంకెల్ని 5తో గుణిస్తే రంధ్రం సైజు. 03, దాని కిందవి ఆ లెక్కకి లొంగవు, 03 అంటే 17. రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది, అంటే 2ఆర్‌ఎస్ అడగండి. రేకు మూత ఉన్న జడ్‌జడ్ రకం నీళ్ల పక్కన వద్దు. వెనకది బాగానే ఉన్నా రెండూ మార్చండి, మళ్లీ విప్పే ఓపిక ఎవరికుంది?

పాతది పుల్లర్‌తో లాగండి. కొత్తది ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. సరిగ్గా ఆ రింగు సైజు పైపు ముక్క పెట్టి, నిటారుగా కొంచెం కొంచెం దించండి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ బలం గుండ్ల గుండా వెళ్లి, కొత్త బేరింగు బిగించకముందే పాత బేరింగవుతుంది.

వైండింగ్‌ని వెచ్చగా గాలి ఆడేచోట రెండు రోజులు ఉంచండి. పక్కన బల్బు వెలిగించినా సరే, చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, కాలకూడదు.

నీలిబుడగ · శనివారం, రాత్రి 8:10

సీలు గురించి నేను చెప్తాను, అక్కడ ఒకసారి చేతులు కాల్చుకున్నదాన్ని. కొత్త సీలు ముఖాల్ని వేలితో ముట్టుకోకండి. వేలి జిడ్డు చాలు, అక్కడ సన్నటి దారి ఏర్పడి కారుతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి. రబ్బరు జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, నూనె, పెట్రోలియం జెల్లీ ఏదీ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. డిప్ప ఓ-రింగ్‌కి మాత్రం సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి.

సిరామిక్ సగంలో నున్నటి ముఖం కార్బన్ వైపు చూడాలి. కొన్ని మోడళ్లలో సిరామిక్ ఇంపెల్లర్‌లో కూర్చుంటుంది, కొన్నిటిలో వెనక పలకలో. మీ ఫొటోలు చూసుకోండి. ఇంపెల్లర్ చేతి బిగువుకి కాస్త ఎక్కువగా బిగిస్తే సరిపోతుంది, తిరుగుతూ తనంతట తనే బిగుసుకుంటుంది.

అన్నట్టు, యూనియన్లకి టేపు చుట్టకండి. అక్కడ నీళ్లని ఆపేది ఓ-రింగ్, మర కాదు. పెద్ద పట్టకారు కూడా వాడకండి, ప్లాస్టిక్ చీలుతుంది.

పాత_ఇనుము · ఆదివారం, ఉదయం 8:00

నేను ఊరికే చదివే బాపతు. కానీ ఒక ముచ్చట గుర్తొచ్చింది. అసలు ఈ టబ్‌ల కథే పంపుతో మొదలైంది. అమెరికాలో జకూజీ అన్నదమ్ములు మొదట విమానాల ప్రొపెల్లర్లు, తర్వాత పొలాలకి నీళ్లు తోడే పంపులు చేసేవాళ్లు. వాళ్లలో కాండిడో కొడుక్కి కీళ్ల జబ్బు. ఇంట్లోనే వేడి నీళ్ల చికిత్స అందాలని మామూలు స్నానపు తొట్టిలో దించుకునే పంపు తయారైంది. 1956లో దాన్ని జే-300 పేరుతో అమ్మారు. తొట్టిలోనే జెట్లు అమర్చి రాయ్ జకూజీ అమ్మకానికి తెచ్చింది 1968లో. అంటే పన్నెండేళ్ల పాటు టబ్ లేదు, పంపే ఉంది.

ఫ్యూజ్_పోయింది · ఆదివారం, ఉదయం 8:25

అందుకే పంపు పోతే టబ్ మొత్తం పోయినట్టు అనిపిస్తుంది.

చల్లారిన_తొట్టి · మంగళవారం, రాత్రి 10:05

రెండు రోజులు ఆరబెట్టాక మెగ్గర్ 60 మెగా ఓం చూపించింది! బేరింగులు 6203. సీలు, ఓ-రింగ్ కొత్తవి. అన్నీ బిగించి, చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది.

మరి ఈ ఆనందంలో చూసుకోలేదు. దుప్పటి మీద ఒక సన్నటి వాషర్ మిగిలింది. చదునుగా లేదు, అలల్లా వంకరటింకరగా ఉంది. ఎక్కడిదో ఏ ఫొటోలోనూ లేదు. మోటారు పట్టుకుని ఊపితే షాఫ్టు ముందుకీ వెనక్కీ టక్‌టక్‌మంటోంది.

వైండింగ్_షెడ్ · బుధవారం, ఉదయం 5:58

దాన్ని పారెయ్యలేదు కదా? అది వెనక మూతలో, వెనక బేరింగు బయటి రింగుకీ మూతకీ మధ్య కూర్చుంటుంది. స్ప్రింగులా బేరింగుని ముందుకి నొక్కి పెడుతుంది. అది లేకపోతే షాఫ్టు అటూ ఇటూ జరుగుతుంది, సీలు ముఖాల మధ్య ఒత్తిడి మారుతుంది, మీ కొత్త సీలు త్వరగా పోతుంది. మళ్లీ విప్పండి. వెనక మూత ఒక్కటి చాలు, ముందు భాగం కదపక్కర్లేదు. మా షెడ్డులో కుర్రాళ్లు మొదటి ఏడాదంతా ఈ వాషర్ మర్చిపోతూనే ఉంటారు.

చల్లారిన_తొట్టి · బుధవారం, రాత్రి 9:30

పెట్టేశాను. టక్‌టక్ పోయింది. నీళ్లు నింపి, పైపుని ఫిల్టర్ గూట్లోనే పెట్టి, యూనియన్ వదులు చేసి గాలి తీసి, దేవుడా అనుకుంటూ బ్రేకర్ ఎత్తాను. మా అబ్బాయి పుర్రె బొమ్మ పీకి జేబులో పెట్టుకున్నాడు.

లో స్పీడు వేశాను. ఏమీ వినపడలేదు. మళ్లీ పోయిందేమో అని చెవి పెడితే తిరుగుతోంది! ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మర్చిపోయాను. హై వేస్తే మొదట రెండు జెట్లు దగ్గాయి, తర్వాత అన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఒకటి నేరుగా నా కళ్లద్దాల మీదకి.

నీలిబుడగ · బుధవారం, రాత్రి 9:41

సందు కింద ఒక టిష్యూ కాగితం పరవండి. రోజూ ఒకసారి చూడండి. తడిస్తే కనబడుతుంది, కళ్లతో పట్టుకోలేని చుక్క కూడా కాగితం పట్టుకుంటుంది.

చల్లారిన_తొట్టి · మూడు వారాల తర్వాత, ఆదివారం

టిష్యూ పొడిగానే ఉంది. దాని మీద ఒక చీమ చచ్చి ఉంది, అంతే. బిళ్లల డబ్బా తీసేశాను. పీహెచ్ 7.4 దగ్గర నిలిచింది.

కొన్న కొత్త కండెన్సర్ తీసేసి పాతదే మళ్లీ పెట్టాను, అది బాగానే ఉంది కాబట్టి. కొత్తది కవర్లో ఉంది. 30 మైక్రోఫారడ్. ఎవరికైనా కావాలా?

సగం_తెలిసినోడు · ఆదివారం, రాత్రి 7:15

నాకు కావాలి బ్రో. మా బోరు మోటారు పొద్దుట్నుంచీ గుర్‌మంటోంది.

వైండింగ్_షెడ్ · ఆదివారం, రాత్రి 7:16

కరెంటు ఆపి చేత్తో తిప్పి చూశారా?